అమ్మవారి వెనక ముడుపు

అంతర్వేది పల్లిపాలెం,
ఆగస్టు 11.

తమ్ముడు పల్లంరాజుకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలెట్టాలంటే చెయ్యి రావడం లేదు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని అనుకోకు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. దాన్ని నేను ఎవరికీ ఇవ్వడం లేదు, నేనూ మాట్లాడడం లేదు. మీ బావ చేసే టైముకి ఎంగేజ్ వస్తే ఏం చెయ్యను? నువ్వు కూడా చెయ్యకు. మొన్న నువ్వు చేసినప్పుడు మోగగానే అత్తగారు పరిగెత్తుకొచ్చి గడప తగిలి పడిపోయింది. ఫోన్లో నీ పేరు చూసి నాకు నీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

బోటు వేటకెళ్ళి పద్దెనిమిది రోజులైంది. ఐదుగురు వెళ్ళారు. మూడో రోజు మీ బావ ఫోను చేసి, గాలి తిరిగింది, రేపు సాయంత్రానికి ఒడ్డున ఉంటాం అన్నాడు. అంతే. ఆ రాత్రే వాయుగుండం. కోస్టుగార్డు వాళ్ళు నాలుగు రోజులు హెలికాప్టరు తిప్పారు. ఐసు పెట్టె మూత ఒకటి దొరికిందని తెచ్చి చూపించారు. బోటు ఓనరు బుల్లిరాజు గారు మనదేనన్నాడు. నేను కాదన్నాను. మన పెట్టె మూతకి మా పిల్ల హారతి స్టిక్కరు అంటించింది, దీనికి లేదు. నీళ్ళలో నానితే స్టిక్కరు ఊడిపోదా అంటాడాయన. ఊడదు.

ఇప్పుడు అసలు సంగతి. మే నెలలో వేట నిషేధమప్పుడు మేం నలుగురం రాజమండ్రి చూడ్డానికి నీ దగ్గరికొచ్చాం కదా. మీ మ్యూజియంలో అమ్మవారు ఉంది చూశావా, మన నాన్న వలలో పడి ఒడ్డుకొచ్చిన గంగమ్మ, ఆవిడ వెనక మీ బావ ముడుపు కట్టి పెట్టాడు. దిమ్మకీ గోడకీ మధ్య సందులో. నువ్వు చూస్తే తీసేస్తావని నీకు చెప్పలేదు. ఈ ఏడాది వేటలన్నీ ముగించుకుని క్షేమంగా వస్తే, మళ్ళీ వచ్చి నా చేత్తో నేనే విప్పుతాను తల్లీ అని మొక్కుకున్నాడు. బస్సులో వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ ఇప్పుడు అన్నం మానేసి రోజుకి పదిసార్లు అదే అడుగుతోంది. ముడుపు ఉన్నన్నాళ్ళూ నా కొడుక్కేమీ కాదు, ఉందో లేదో కనుక్కోవే అని.

అది ఉందో లేదో చూసి రాయి. కాగితం మీదే రాయి. ఆవిడకి చూపించాలి.

అక్క,
సత్యకుమారి


రాజమహేంద్రవరం,
ఆగస్టు 16.

అక్కకి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అందగానే వెళ్ళి చూశాను.

ఉంది అక్కా. పసుపు గుడ్డలో కట్టిన ముడుపు, నువ్వు చెప్పిన సందులోనే ఉంది. కాస్త దుమ్ము పట్టింది గానీ ముడి చెక్కుచెదరలేదు. నేను ముట్టుకోలేదు. ఇక్కడ కాపలా కాసేదీ నేనే, ఊడ్చేదీ నేనే కాబట్టి ఇంకెవరూ దాని జోలికి పోరు. అత్తయ్యని ధైర్యంగా ఉండమను. వేళకి అన్నం తినమను.

ధవళేశ్వరం దగ్గర నీళ్ళు రెండో ప్రమాద హెచ్చరిక దాటాయి. మ్యూజియానికి జనం రావడం లేదు. రోజంతా నాణేల గదికీ శాసనాల గదికీ మధ్య ఒక్కణ్ణే తిరుగుతున్నాను. అమ్మవారి కింద బోర్డు కొత్తది పెట్టారు. స్త్రీ దేవతా విగ్రహం, ఇసుకరాయి అని రాశారు. నాన్న పేరు ఎక్కడా లేదు. వేయించమని ఆఫీసరు గారిని అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నాను, నోరు రాలేదు. నీకు తెలుసు కదా నా సంగతి.

బావ ఈదితే గోదారే అలిసిపోవాలి. ఏ ఒరిస్సా వైపో కొట్టుకుపోయి ఉంటారు. ఫోను తడిసిపోయి ఉంటుంది.

తమ్ముడు,
పల్లంరాజు


అంతర్వేది పల్లిపాలెం,
ఆగస్టు 22.

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ముందు నేను ఒక్కదాన్నే చదువుకున్నాను. తరవాత అత్తగారికి చదివి వినిపించాను. ఉంది అక్కా అన్న చోట ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అప్పుడు లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుని కంచం ముందు కూర్చుంది. పదిహేను రోజుల తరవాత ఆవిడ అన్నం తినడం చూశాను. ఆ కాగితాన్ని మడతపెట్టి దేవుడి పటం వెనక పెట్టుకుంది.

ఇరవై తొమ్మిది రోజులైంది. హార్బరుకి వెళ్ళడం మానేశాను. నేను వెళ్తే అక్కడ మాటలు ఆగిపోతున్నాయి.

ఆ ప్రయాణమే తిరుగుతోంది బుర్రలో. రావులపాలెంలో బస్సు ఆగితే మీ బావ దిగి అరటిపళ్ళ అత్తం ఒకటి కొన్నాడు, రాజమండ్రిలో దిగేసరికి సగం ఆయనే తినేశాడు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనా చూసి హారతికి చెప్తున్నాడు, ఇక్కడ నీళ్ళన్నిటినీ ఆపి వరసలో నిలబెట్టి పంపిస్తారమ్మా, అందుకే మనకాడికొచ్చేసరికి గోదారికి అంత చిరాకు అని. మీ దగ్గర అద్దాల పెట్టెలో వలకి బరువుకి కట్టే మట్టిగుండ్లు పెట్టారు చూడు. వెయ్యేళ్ళ నాటివట. ఇవి మనింటి చూరు కింద బుట్టెడు ఉన్నాయి, మనమూ టిక్కెట్టు పెట్టేద్దామా అన్నాడు. ఆ పాత వీధులన్నీ తిరిగి తిరిగి కోటిలింగాల రేవులో కూలబడితే, ఇంకో ఊరేదైనా ఉందా చూడ్డానికి అన్నాడు. హారతి ఎంత నవ్విందో.

నువ్వు చేసింది కూడా గుర్తొస్తోంది. అత్తగారు ఇంటి దగ్గర్నించి పొట్లం కట్టుకొచ్చిన కుంకం అమ్మవారి పాదాలకి పెడితే, నువ్వు వచ్చి ఏమన్నావు? మీరు ముట్టుకోకూడదండి, పక్కకి జరగండి అన్నావు. ఆవిడెవరో నీకు తెలియనట్టు. ఆఫీసరు గారు చూస్తున్నారని అలా అన్నావని నాకు తెలుసు. కానీ ఆవిడ కళ్ళముందే తడిగుడ్డ తెచ్చి ఆ కుంకం తుడిచావు. వేటకెళ్ళేవాడి ఇంటి కుంకం అది. మన నాన్న అమ్మవారిని గవర్నమెంటుకి అప్పజెప్పబట్టే నీకా ఉద్యోగం వచ్చింది. ఆవిడ పాదాలు తుడవడానికా వచ్చింది?

రాయకూడదనుకున్నాను, రాసేశాను. చింపను.

హారతి ఆ రోజు ఒక జడకే రిబ్బనుతో ఇంటికొచ్చింది. రెండోది కొంటానంటే వద్దంటోంది. ఒక జడకి రిబ్బను, ఒక జడకి రబ్బరు బ్యాండు వేసుకుని బడికి పోతోంది. టీచరు తిట్టినా వినదు.

ముడుపు జాగ్రత్త. వారానికోసారి చూసి రాయి.

అక్క


రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 2.

అక్కకి,

నువ్వన్నది నిజం. ఆ తడిగుడ్డ సంగతి ఆ రోజునించీ నన్ను తింటోంది. ఆ సాయంత్రం బస్సు ఎక్కించేటప్పుడు అత్తయ్య కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కుంది. బావ నా భుజం మీద చెయ్యేసి, నీ ఉద్యోగం నువ్వు చేశావులేరా అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆదివారం పట్టిసీమ వెళ్ళొచ్చాను. వీరభద్రుడి దగ్గర బావ పేర అర్చన చేయించాను. లాంచి అతను నీళ్ళు ఎక్కువగా ఉన్నాయని మొదట గుడికి దాటించనన్నాడు. నేను పల్లెకారుణ్ణే, నాకేం భయం లేదు అన్నాను. ఆ మాట అన్నాక సిగ్గేసింది. నేను వల పట్టి పదకొండేళ్ళయింది.

ముడుపు ఉంది.

అక్కా, ఒక మాట. కోపం తెచ్చుకోకు. ముడుపు ఉంది సరే. కానీ దాని ఒక్కదాని మీదే భారం వెయ్యకండి. మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఏమనుకుంటున్నారో కనుక్కో. మెరైన్ పోలీసు వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. కావాలంటే నేను సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం. రమ్మంటే రేపే వస్తాను.

తమ్ముడు


అంతర్వేది పల్లిపాలెం,
సెప్టెంబరు 15.

తమ్ముడికి,

వచ్చే ఆదివారం పెద్దల అమావాస్య. మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఏమనుకుంటున్నారో కనుక్కోమన్నావు కదా, వాళ్ళు ఆ రోజే కార్యం పెట్టుకుంటున్నారు. దర్భలతో బొమ్మలు చేసి దహనం చేస్తారట. నిన్న సంఘం పెద్దలు ఇంటికొచ్చారు. ఐదుగురూ ఒకే బోటులో వెళ్ళారు, ఐదుగురికీ ఒకే రోజు జరిపించేద్దామమ్మా, ఆత్మలు తిరుగుతుంటాయి, ఊళ్ళో మిగతావాళ్ళు వేటకెళ్ళడానికి భయపడుతున్నారు అన్నారు. మంచిగానే అన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

నేను ఏమీ అనకముందే అత్తగారు పటం వెనకనించి నీ ఉత్తరం తీసుకొచ్చి వాళ్ళ ముందు పెట్టింది. నా కొడుకు ముడుపు అమ్మవారి దగ్గర ఉంది, నా కోడలి తమ్ముడే కాపలా ఉన్నాడు, చదువుకోండి అంది. వాళ్ళలో ఒకాయన చదివాడు. చదివి మడతపెట్టి ఇచ్చేశాడు. పెద్దలందరూ నా వైపు చూశారు. నేను, మా ఇంటి బొమ్మ చెయ్యకండి అన్నాను.

అలా అన్నాను గానీ, వాళ్ళు వెళ్ళాక వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. యాభై మూడు రోజులు. ఒకపక్క వచ్చేస్తాడని రోజూ ఒక గిద్దెడు ఎక్కువ బియ్యం పోస్తున్నాను. ఇంకోపక్క సముద్రం వైపు చూడలేకపోతున్నాను. ఇంట్లో నేను ఏడవడానికి లేదు, ఏడిస్తే అత్తగారు అపశకునం అంటుంది. ఏడవకుండా ఉండడానికీ లేదు. మొన్న చేపల సంత నించి వస్తుంటే ఆ నాలుగిళ్ళ ఆడవాళ్ళూ ఎదురుగా వచ్చి మాట్లాడకుండా పక్క సందులోకి తిరిగారు. నన్నేమని పలకరించాలో వాళ్ళకి తెలియడం లేదు. నాకూ తెలియడం లేదు పల్లంరాజూ, నేనెవరినో.

అత్తగారు ఇప్పుడు కొత్తమాట మొదలెట్టింది. ముడుపు అక్కడొద్దు, పరాయివాళ్ళ కాపలాలో ఉంది, తెచ్చి నా ఒళ్ళో పెట్టండి, నేను చూసుకుంటాను అంటోంది. రెండ్రోజులనించి మళ్ళీ కంచం ముందు కూర్చోవడం లేదు.

ముడుపు పంపించు.

అక్క


రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 19.

అక్కకి,

ఐసు వ్యాను తోలే బుల్లబ్బాయి మీ ఊరికే వస్తున్నాడు. అతని చేతికిచ్చి పంపిస్తున్నాను. పొద్దున్నే ఎవరూ రాకముందు తీశాను. ఎవరూ చూడలేదు. ముడి విప్పకండి, బావే విప్పాలి కదా.

ఎక్కువ రాయలేకపోతున్నాను. కొంచెం జ్వరంగా ఉంది.

అత్తయ్యకి నా దణ్ణాలు చెప్పు. పుచ్చుకోకపోతే ఊరుకో.

తమ్ముడు


అంతర్వేది పల్లిపాలెం,
అక్టోబరు 4.

పల్లంరాజుకి,

బుల్లబ్బాయి తెచ్చిచ్చాడు. అత్తగారు రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుని చెంగున కట్టుకుంది. స్నానానికి వెళ్ళినా హారతి చేతికిచ్చి వెళ్తుంది గానీ నేల మీద పెట్టదు. పదిహేను రోజులు ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

అది మీ బావ ముడుపు కాదు.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళ దగ్గర పసుపు గుడ్డ ఎక్కడిదిరా? అత్తగారు నీ మీద అలిగి బయట బల్ల మీద కూర్చుంది. నువ్వు ఆఫీసరు గారి వెంట పోయావు. మీ బావ అటూ ఇటూ చూసి హారతి జడకున్న రిబ్బను లాగాడు. ఎర్ర రిబ్బను. అందులో రూపాయి బిళ్ళ పెట్టి, వల ముడి వేశాడు. హారతి గొడవ చేస్తే, మళ్ళీ వచ్చినప్పుడు విప్పి నీ జడకి నేనే కడతానన్నాడు. అందుకే అది కొత్తది కొననివ్వడం లేదు. అత్తగారికి ముడుపు అని చెప్పాడు గానీ రిబ్బనని చెప్పలేదు. ఆవిడకి తెలిస్తే మైలగుడ్డలో కడతావా అని గొడవ చేస్తుందని.

కాబట్టి పసుపు గుడ్డ అని నువ్వు రాసిన మొదటి ఉత్తరం విప్పినప్పుడే నాకు తెలుసు, నువ్వు అబద్ధం రాశావని.

అప్పుడే ఎందుకు అడగలేదంటావేమో. అడుగుదామనే కాగితం తీశాను. ఈలోపు అత్తగారు వచ్చి ఏం రాశాడే అంది. చదివాను. ఆవిడ అన్నం తింది. ఆ రాత్రి నేను కూడా తిన్నాను. ఆ మర్నాడు నాకనిపించింది, రిబ్బను వాడి కంటికి కనపడలేదేమో, చీకటి సందు కదా, పసుపు గుడ్డ ఇంకెవరిదో అయి ఉంటుంది, మా రిబ్బనూ దాని పక్కనే ఉండి ఉంటుంది అని. ఇలా రోజుకొక మాట అనుకుంటూ వచ్చాను. తమ్ముడు ఉందన్నాడు కదా అనుకునేదాన్ని. నీ అబద్ధం తినే నలభై ఏడు రోజులు బతికాం. నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు.

కానీ నువ్వు పంపింది చేతిలోకి తీసుకున్నాను. ముడి చూశాను. కిరాణా కొట్టువాడు పొట్లానికి వేసే ముడి వేశావు. ఒకసారి లాగితే వచ్చేస్తుంది. నాన్న మనిద్దరికీ ఒకే రోజు నేర్పాడు వల ముడి, నీకది కూడా పోయింది. అప్పుడింక నాకు అనుకోవడానికేమీ మిగల్లేదు.

ఇంక నావల్ల కాదు. ఆ నాలుగిళ్ళలోనూ ఏడుపు అయిపోయింది. వాళ్ళ పిల్లలు మళ్ళీ వీధిలో ఆడుకుంటున్నారు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నన్ను చూసి జాలిపడుతున్నారు. నిన్న హారతి బడిలో ఏదో ఫారం తెచ్చింది. నాన్న పేరు ముందు ఏం రాయాలి అమ్మా అని అడిగింది. పెన్ను పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడింది. నేను పొయ్యి దగ్గర పని ఉన్నట్టు వెళ్ళిపోయాను. అది ఖాళీగానే ఇచ్చేసిందట.

నువ్వే అనుకోవచ్చుగా అక్కా, లేడని అంటావు. నా అంతట నేను అనుకోలేను. ఐసు పెట్టె మూత మనది కాదన్నదాన్ని, పెద్దల ముందు మా బొమ్మ వద్దన్నదాన్ని, ఇప్పుడు నేనే వెళ్ళి చెయ్యండని ఎలా అనను? ఆయన్ని నా చేత్తో నేను తోసినట్టుంటుంది. ఉందని రాసినవాడివి నువ్వు. లేదని కూడా నువ్వే రాయాలి. ఫోన్లో వద్దు, ఆ ఫోను ఇంకా ఖాళీగానే ఉంచుతున్నాను. కాగితం మీద ఒక్క ముక్క రాయి. అది అత్తగారికి చదివి, పెద్దలకి కబురు పంపిస్తాను.

ఒక్క ముక్క చాలు. నన్ను ఇందులోంచి బయటకి లాగు.

అక్క


రాజమహేంద్రవరం,
అక్టోబరు 8.

అక్కా,

ముడుపు లేదు.

అత్తయ్యకి ఇంతవరకే చదువు. మిగతాది నీకు.

ఆగస్టులో నీ ఉత్తరం రాగానే దిమ్మ వెనక చెయ్యి పెట్టి వెతికిన మాట నిజం. టార్చి వేసి వెతికాను. నేల మీద పడుకుని వెతికాను. ఏమీ దొరకలేదు. ఏ పిల్లలో తీసుకుపోయి ఉంటారనుకున్నాను. లేదని రాయడానికి కూర్చుంటే అత్తయ్య అన్నం తినడం లేదన్న మాట గుర్తొచ్చింది, ఆ తడిగుడ్డ గుర్తొచ్చింది. ఉందని రాసేశాను. ముడుపంటే పసుపు గుడ్డే కదా, అలాగే రాశాను. నాకు అప్పటికి తెలిసింది అంతే.

నిన్న నీ ఉత్తరంలో ఎర్ర రిబ్బనని చదివాక అంతా గుర్తొచ్చింది.

మీరు వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న ఊడుస్తుంటే ఆ సందులోంచి చీపురికి తగిలింది. బడిపిల్లలు పారేసుకున్న రిబ్బను అనుకున్నాను. చేతిలోకి తీసుకుంటే లోపల ఏదో గట్టిగా ఉంది. విప్పబోయాను. రాలేదు. గోటితో లాగాను, పంటితో లాగాను. ఇంత గట్టిగా ఎవరు కట్టారబ్బా అనుకున్నాను కూడా. నాన్న నేర్పిన ముడి నా అరచేతిలో ఉంది అక్కా, బావ వేసిన ముడి, నేను పోల్చుకోలేదు. ఆఫీసరు గారు వచ్చే వేళయింది. చెత్తబుట్టలో వేశాను. తొమ్మిదింటికి మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయింది.

బావ అప్పటికింకా మీ ఇంట్లోనే ఉన్నాడు. ఆ వేటకెళ్ళడానికి రెండు నెలలుంది. ముడుపు లేకుండానే వెళ్ళాడు, ఉందనుకుని వెళ్ళాడు.

దీనివల్లే అయిందని నువ్వు అనకపోవచ్చు. వాయుగుండం ముడుపు చూసి రాదని నేనే నీకు చెప్పగలను, ఇన్నేళ్ళు మ్యూజియంలో పనిచేసినవాణ్ణి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ రాత్రి నించీ నా చేతుల్ని నేను చూసుకోలేకపోతున్నాను.

నువ్వు అడిగింది ఒక్క ముక్క. అది పైన రాశాను. పెద్దలకి కబురు పెట్టు. ఆ బొమ్మకి దర్భలు నేను కోసుకొస్తాను, కట్టడం నువ్వు దగ్గరుండి చూపించు, ముడి నేను వేస్తాను. సరిగ్గా పడేదాకా విప్పి మళ్ళీ వేస్తాను. హారతికి రిబ్బను తేను, ఉన్న ఒక్కటీ ఉండనివ్వు.

రేపు మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం, నేను, ఏది ముందు చేరుతుందో తెలియదు. నన్ను వాకిట్లో చూసి అత్తయ్య, మీరెవరండీ, పక్కకి జరగండి అన్నా సరే. పక్కకే జరిగి నిలబడతాను.

పల్లంరాజు